కీలు మార్చారు సరే, నడక ఎవరు నేర్పుతారు?

గోదావరి డెల్టాలో వ్యవసాయ కార్మికుల సమస్యలు అనగానే కూలి రేట్లు, ఇళ్ల స్థలాలు, రేషను కార్డులు, శ్మశాన భూములు అని మనం లెక్క చెప్పుకుంటూ వస్తున్నాం. ఆ లెక్కలో ఇంకొకటి చేర్చవలసి ఉన్నది. అది కూలివాళ్ల మోకాళ్ల సంగతి, తుంటి సంగతి.

కోనసీమ లంకల నుంచి భీమవరం దిగువ చేల వరకు ఏ పేటకైనా వెళ్లి చూడండి. యాభై దాటిన ఆడకూలీలు అరుగు మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకుంటున్నారు. "గుజ్జు అరిగిపోయిందన్నారు" అనే మాట ప్రతి వీధిలో వినపడుతుంది. వారిలో కొందరికి కీలు మార్పిడి ఆపరేషన్ జరిగింది. జరిగినవాళ్లలో కొందరు హాయిగా నడిచి సంతకు వెళ్లొస్తున్నారు. మరికొందరికి కాలు పూర్తిగా వంగదు, పూర్తిగా చాపుకోలేరు, ఏడాది గడిచినా వాకరు వదలలేరు. వాళ్లను చూసి ఊళ్లో జనం "ఆపరేషన్ చెడిపోయింది" అనుకుంటారు. నొప్పితో ఉన్న ఇంకో పదిమంది భయపడి ఆసుపత్రి గడప తొక్కరు.

చాలామంది విషయంలో చెడింది ఆపరేషన్ కాదు. ఆపరేషన్ తర్వాత మూడు నెలలపాటు ఇంటి దగ్గర జరగవలసిన పని జరగలేదు. ఆ పని ఏమిటి, మన ఇళ్లల్లో అది ఎందుకు జరగడం లేదు, జరగాలంటే ప్రభుత్వం ఏం చేయాలి, సంఘం ఏం చేయాలి అన్నది ఇక్కడ చెప్పదలిచాం.

ఎవరి పనిలో అరిగింది?

1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి 1982 నాటికి పూర్తయింది. ఆ కాలవల నీటితో డెల్టా సార్వా, దాళ్వా రెండు పంటలూ పండిస్తున్నది. రెండు పంటలంటే రెండు ఆకుతీతలు, రెండు నాట్లు, రెండు కలుపులు. కోతకు యంత్రాలు వచ్చాయి, అక్కడక్కడ వెదజల్లే సేద్యం వచ్చింది. అయినా చాలా చేలల్లో ఇప్పటికీ దమ్ములో దిగి నడుము వంచేది ఆడకూలీలే. ఆకుకట్టలు, ఎరువుల బస్తాలు, ధాన్యం బస్తాలు మోసేది మగకూలీలు. పొలం నుంచి వచ్చాక కూడా కత్తిపీట ముందు, పొయ్యి ముందు, బట్టల బండ ముందు గొంతుకూర్చోవడమే.

వయసు, ఒంటి బరువు, వంశం, పాత దెబ్బలు కీళ్లవాతానికి కారణాలే. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. కానీ ఏళ్ల తరబడి మోకాళ్లు మడిచి చేసే పని, బరువులు మోసే పని కూడా కీళ్లను అరగదీస్తుందని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. బ్రిటన్‌లో వ్యవసాయంలో పదేళ్లు, అంతకు మించి పనిచేసినవారికి తుంటి కీలు అరిగితే దాన్ని వృత్తి వ్యాధిగా 2005లో గుర్తించారు. గని కార్మికుల మోకాళ్ల అరుగుదలను 2009లో అదే జాబితాలో చేర్చారు. మన దేశంలో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం వృత్తి వ్యాధుల జాబితా ఇచ్చింది. ఊపిరితిత్తులకు దుమ్ము పట్టే జబ్బులకు అందులో చోటు దొరికింది. వరి చేలో అరిగిన మోకాలికి చోటు దొరకలేదు.

తుంటికి ఇంకో ప్రమాదం కూడా ఉన్నది. నొప్పి తగ్గాలని తెలిసీ తెలియని వైద్యుల దగ్గర మాటిమాటికీ స్టెరాయిడ్ సూదులు వేయించుకుంటే, మితిమీరి సారా తాగితే, తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చిపోవచ్చు. కొబ్బరి చెట్టు దింపులోనో, జారుడు గట్టు మీదో పడి తుంటి విరిగినవాళ్లూ ఈ ఆపరేషన్‌కే వస్తారు.

కీలు కొత్తది, కండ పాతదే

బ్రిటన్‌లో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు 1962లో రైటింగ్టన్ ఆసుపత్రిలో తుంటి మార్పిడిని ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి తెచ్చాడు. లోహపు బంతి, గట్టి ప్లాస్టిక్ గిన్నె, వాటిని ఎముకకు అతికించే సిమెంటు. తర్వాత కొన్నేళ్లకు మోకాలికీ అదే దారి దొరికింది. మోకాలిలో అరిగిన ఎముక కొనలను పల్చగా కోసి లోహపు తొడుగులు వేసి, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల పెడతారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. కొత్త కీలు తనంత తాను కదలదు. దాన్ని కదిపేవి మన పాత కండరాలు. నొప్పితో నాలుగైదేళ్లు కాలు ఈడ్చినవాళ్ల తొడ కండ అప్పటికే కరిగిపోయి ఉంటుంది. ఆపరేషన్ వాపుతో అది ఇంకా నీరసపడుతుంది. కోసిన చోట లోపల మచ్చలాంటి గట్టి పొర పుడుతుంది. మొదటి వారాల్లో కదిలించకపోతే ఆ పొర కీలును బిగించేస్తుంది. ఇనుప బోల్టు ఎంత కొత్తదైనా తుప్పు పట్టిన తలుపు తెరుచుకోదు గదా. కండకు బలం, కీలుకు వంపు, మనిషికి నడక తిరిగి తేవడాన్నే ఫిజియోథెరపీ అంటున్నారు.

మోకాలు మార్చినవారు చేయవలసింది

చాలా ఆసుపత్రుల్లో అదే రోజు సాయంత్రమో, మర్నాడో పట్టుకుని లేపి నిలబెడతారు. దానికి భయపడకూడదు. పక్క మీద ఉన్నప్పుడే మడమలను పైకీ కిందికీ గంటకోసారి ఇరవైసార్లు ఆడించాలి. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా ఇది కాపాడుతుంది. కాలు చాపి మోకాలిని పరుపుకేసి నొక్కి, అయిదు లెక్కపెట్టి వదలాలి. ఇది తొడ కండకు. మడమను మంచం మీదే జార్చుకుంటూ మోకాలు వంచాలి. తర్వాత కాలు చాపినది చాపినట్టే జానెడు పైకి లేపి దించాలి.

వంగడం గురించి అందరూ అడుగుతారు, చాపడం గురించి ఎవరూ అడగరు. కాలు తిన్నగా చాపుకోలేకపోతే నడకే రాదు, కుంటు ఉండిపోతుంది. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెడతారు. అది పెద్ద పొరపాటు. మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలు గాలిలో ఉండేటట్టు రోజుకు మూడు నాలుగుసార్లు పది నిమిషాలు ఉంచాలి.

వంపు ఎంత కావాలి? మామూలు నడకకు సుమారు 70 డిగ్రీలు, మెట్లెక్కడానికి 90కి అటూ ఇటూ, కుర్చీలోంచి చేతి ఊతం లేకుండా లేవడానికి 100కి పైన. కుర్చీలో మామూలుగా కూర్చుంటే మోకాలు వంగేది 90 డిగ్రీలు. రెండు మూడు వారాల్లో అక్కడికి, మూడు నెలల్లో 110 దాకా తేవడం గురిగా పెట్టుకోవాలి. డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్ర వేసుకుని అరగంట ఆగి కాలు ఆడించాలి, తర్వాత బట్టలో చుట్టిన ఐసు పెట్టాలి. నొప్పి కొంత ఉంటుంది, అది మానే నొప్పి. ఆరు వారాలకు కూడా 90కి చేరకపోతే ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మొదటి మూడు నెలల్లో అయితే మత్తు ఇచ్చి కీలును వంచే ఉపాయం ఉన్నది. ఆలస్యమైతే అది సరిగ్గా పనిచేయదు.

ముందు వాకరు, కొన్ని వారాల తర్వాత కర్ర. కర్ర ఆపరేషన్ అయిన కాలి వైపు పట్టుకుంటారు చాలామంది. అది తప్పు. బాగున్న కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

తుంటికి వేరే పాఠం

మోకాలు మార్చినవాళ్లకు చెప్పిన మాటే తుంటి మార్చినవాళ్లకు చెబితే ప్రమాదం. మోకాలిని వంచమని బతిమాలతాం. తుంటిని ఎక్కువ వంచితే, లోపలికి తిప్పితే బంతి గిన్నెలోంచి జారిపోవచ్చు. ముఖ్యంగా వెనుక వైపు నుంచి కోసినవాళ్లు మొదటి ఆరు నుంచి పన్నెండు వారాలు జాగ్రత్తగా ఉండాలి. కాలు మీద కాలు వేయకూడదు. కింద పడిన వస్తువు కోసం నడుము వంచకూడదు. మోకాళ్లు నడుము కన్నా ఎత్తుకు వచ్చేటట్టు పల్లపు పీట మీద కూర్చోకూడదు. పక్కకు తిరిగి పడుకుంటే రెండు కాళ్ల మధ్య దిండు ఉండాలి. ముందు వైపు నుంచి కోస్తే నియమాలు వేరుగా ఉంటాయి. కాబట్టి ఇంటికి పంపేటప్పుడే "మాది ఏ వైపు నుంచి చేశారు, ఏం చేయకూడదు" అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

మన ఇల్లు, మన మంచం

ఆసుపత్రిలో నేర్పే పాఠమంతా ఎత్తు మంచం, కుర్చీ, బాత్రూమ్ ఉన్న ఇంటికి సరిపోయే పాఠం. మన పేటల్లో ఉన్నది నడుము దిగబడిపోయే నులక మంచం, కింద కూర్చుని తినే అలవాటు, కింద కూర్చునే మరుగుదొడ్డి. కొన్నిచోట్ల అదీ లేక కాలవ గట్టే.

నులక మంచం మీద చెక్క పలక వేసి, దాని మీద దుప్పటి మందంగా పరవండి. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి, కదలకుండా చూడండి. గట్టి చెక్క కుర్చీ, చేతులున్నది, ఒకటి సంపాదించండి. ప్లాస్టిక్ కుర్చీ సీటులో నడిమి భాగం కోసి కింద బకెట్టు పెడితే కమోడు కుర్చీ అవుతుంది. కోసిన అంచులు ఒరుసుకోకుండా గుడ్డ చుట్టాలి, కాళ్లు జారకుండా గోడకు ఆనించాలి. కొత్త కమోడు కుర్చీ కొనగలిగితే మరీ మంచిది. వంట గట్టు మీదకు మార్చాలి. మార్చలేకపోతే ఆ మూడు నెలలు ఇంట్లో మగవాళ్లు, పిల్లలు పొయ్యి దగ్గర కూర్చోవాలి. కోడలికి ఆపరేషన్ అయితే అత్త, అత్తకు అయితే కోడలు అని ఆడవాళ్ల మధ్యే పంచి ఊరుకోవడం మన సంఘ సభ్యుల ఇళ్లల్లోనే చూస్తున్నాం. అది మానాలి.

ఈ గుర్తులు కనపడితే ఆగవద్దు

పిక్క వాచి నొక్కితే నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి. ఇవి రక్తం గడ్డకట్టిన గుర్తులు కావచ్చు. గాయం ఎర్రబడి వేడెక్కడం, చీము గాని నీరు గాని కారడం, జ్వరం రావడం. తుంటి మార్చినవాళ్లకు ఒక్కసారిగా విపరీతమైన నొప్పి వచ్చి కాలు పొట్టిగా కనపడడం, తిరిగిపోయి ఉండడం. ఏది కనపడినా 108కి ఫోన్ చేయాలి. ఊళ్లో వైద్యునితో సూది వేయించుకుని నాలుగు రోజులు చూద్దామనుకోకూడదు.

ఇంకొకటి. చీము పట్టే ప్రమాదం కుట్లు విప్పడంతో తీరదు. ఏళ్ల తర్వాత కూడా ఒంట్లో మరోచోట పుట్టిన చీము రక్తం ద్వారా కొత్త కీలుకు చేరవచ్చు. బురదలో పాసిపోయిన కాలివేళ్లు, పగిలిన మడమలు, పుచ్చిన పళ్లు మనకు మామూలు విషయాలు. కీలు మార్చినవాళ్లకు అవి మామూలు విషయాలు కావు. వెంటనే వైద్యం చేయించాలి. చక్కెర జబ్బు ఉంటే మరీ అదుపులో పెట్టుకోవాలి.

మళ్లీ చేలోకి దిగవచ్చా?

మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న ఇదే. నిజం చెప్పాలి. ఇంటి పనులు, కూర్చుని చేసే పనులు, చదును నేల మీద నడక ఆరు నుంచి పన్నెండు వారాల్లో వస్తాయి. దమ్ములో నాటు, గొంతుకూర్చుని కలుపు, బస్తా మోత కొత్త కీలుకు తగిన పనులు కావు. బురదలో కాలు దిగబడి మెలిపడితే, గట్టు మీద జారితే కీలు చుట్టూ ఎముక విరగవచ్చు. బరువు వల్ల ప్లాస్టిక్ త్వరగా అరుగుతుంది.

మార్చిన మోకాళ్లలో సుమారు 82 శాతం, తుంటి కీళ్లలో సుమారు 58 శాతం 25 ఏళ్లు పనిచేశాయని 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆ లెక్క విదేశాల్లో రాసి ఉంచిన రికార్డుల మీద కట్టింది. ఆ రోగులు ఆకుకట్ట మోసి దమ్ములో దిగేవాళ్లు కారు.

కాబట్టి ఆపరేషన్ తర్వాత కూలి మనిషి బతుకు ఏమిటన్నది డాక్టరు తేల్చే విషయం కాదు. అది ఊరు తేల్చాలి, ప్రభుత్వం తేల్చాలి.

ఇంట్లో కూర్చున్న రోజుల కూలి

2017 ఆగస్టు 16న కేంద్ర ప్రభుత్వం మోకాలి కీళ్ల ధరలకు హద్దు పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలుకు పన్ను కాక 54,720 రూపాయలు మించకూడదన్నది. అంతకుముందు అదే కీలుకు లక్షన్నర దాకా గుంజుతూ వచ్చారు. ఇది మంచి చర్యే. కానీ కీలు ధర ఒక్కటే ఖర్చు కాదు. రోగి మూడు నెలలు పనికి పోడు. అతనికి తోడున్న మనిషి కనీసం మొదటి నెల పనికి పోదు. ఒక ఇంట్లో రెండు కూలీలు పడిపోతాయి. అది సరిగ్గా నాట్ల రోజుల్లోనైతే ఏడాది తిండికే దెబ్బ. అందుకే చెయ్యి బదులు తీర్చడానికి నలభై రోజులకే చేలో దిగుతున్నారు. పని నుంచి వచ్చాక వ్యాయామానికి ఓపిక ఉండదు. కొందరు అసలు మంచం దిగకుండా ఉండిపోతున్నారు, ఎందుకంటే లేపి నడిపించే మనిషి పనికి వెళ్లింది. రెండు దారుల్లోనూ చెడేది కాలే.

ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి కూలి ఇవ్వాలన్న సూత్రాన్ని మన రాష్ట్రంలో ప్రభుత్వమే ఒకసారి ఒప్పుకున్నది. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా రోగికి ఇచ్చే పథకం మొదలుపెట్టారు. నెలకు 5,000 అంటే 22 రోజుల కూలి. తోడున్న మనిషి కూలి అందులో లేదు. అయినా సూత్రం సరైనది. ప్రభుత్వాలు మారవచ్చు, పథకాల పేర్లు మారవచ్చు, ఆ సూత్రం మాత్రం పోకూడదు. కర్మాగారంలో పనిచేసేవారికి ఈఎస్ఐ ద్వారా జబ్బు రోజులకు కొంత వేతనం వస్తుంది. వ్యవసాయ కూలీ ఆ చట్టం కిందికి రాడు. అతని ఒళ్లు అరగడం లేదా?

దూరం సంగతి కూడా చెప్పాలి. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల పెద్దాసుపత్రి ఉన్నది. 2023లో రాజమహేంద్రవరంలో, ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కానీ వాకరుతో ఉన్న ముసలామె సఖినేటిపల్లి రేవులో పంటు దాటి, బస్సు మెట్లు ఎక్కి వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి ఎలా వెళుతుంది? వెళ్లనక్కర కూడా లేదు. చిక్కులు లేని మోకాలి ఆపరేషన్లలో, సరిగ్గా నేర్పించి ఇంటి దగ్గర చేయించిన వ్యాయామం ఆసుపత్రిలో చేయించిన దానికి తీసిపోదని అనేక పరిశోధనలు చెప్పాయి. కావలసింది నేర్పే మనిషి, మధ్య మధ్య వచ్చి చూసే మనిషి. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమంలో సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఉండాలని, మంచాన పడ్డవారి ఇంటికి కార్యకర్త వెళ్లాలని రాశారు. మన ప్రాంతంలోని కేంద్రానికి వెళ్లి ఆ మనిషి ఎక్కడున్నాడని అడుగుదాం.

మనం కోరేవి, మనం చేసేవి

ప్రభుత్వాన్ని మనం కోరేవి ఇవి. కీలు మార్పిడి జరిగిన ప్రతి కూలి మనిషికి మూడు నెలల కూలి, తోడుకు ఒక నెల కూలి ఇవ్వాలి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపిస్టును నియమించాలి. ఇంటికి పంపేటప్పుడు చేయవలసినవి, చేయకూడనివి తెలుగులో బొమ్మలతో ఇవ్వాలి. వాకరు, కమోడు కుర్చీ ఆపరేషన్‌తోపాటే ఉచితంగా ఇవ్వాలి. కీళ్ల అరుగుదలను వ్యవసాయ కార్మికుల వృత్తి వ్యాధిగా గుర్తించాలి. కీలు మార్చినవారికి ప్రభుత్వ ఉపాధి పనుల్లో నీళ్లందించడం, పిల్లలను చూడడం, హాజరు రాయడం వంటి తేలిక పనులు కేటాయించాలి.

ఇవి వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర లేదు. ప్రతి గ్రామ సంఘం రెండు వాకర్లు, రెండు కమోడు కుర్చీలు, రెండు కర్రలు కొని ఉంచాలి. ఒకరి అవసరం తీరాక ఇంకొకరికి వెళతాయి. ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు నెల ముందు నుంచే తొడ కండ వ్యాయామం మొదలుపెట్టేటట్టు చూడాలి. వీలైనంతవరకు నాట్లు, కోతలు లేని రోజులకు తేదీ పెట్టించాలి. ఏ ఆపరేషన్‌కు ఏ ఆసుపత్రిలో కార్డు చెల్లుతుందో ఆరోగ్యమిత్రను ముందే అడిగి రాయించుకోవాలి. డిశ్చార్జి రోజున సంఘం నుంచి చదువుకున్న కుర్రవాడో అమ్మాయో వెంట వెళ్లి పాఠం నేర్చుకుని రావాలి. నాటు ముఠాలు తమలో ఒకరికి ఆపరేషన్ అయితే రోజుకొకరు వంతున వెళ్లి నడిపించాలి. కీలు మార్చిన మనిషిని పిలిస్తే చేలోకి కాకుండా గట్టు మీద పనికి పిలవమని మేస్త్రికి గట్టిగా చెప్పాలి.

నలభై ఏళ్లు వంగి నాటిన మనిషి చివరి ఇరవై ఏళ్లు నిటారుగా నడవాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు. రాబోయే సార్వా నాట్లకు ముందే ప్రతి గ్రామ సంఘం తన ఊళ్లో కీళ్ల నొప్పులతో ఉన్నవాళ్లు ఎందరో, ఆపరేషన్ అయినవాళ్లు ఎందరో, వారిలో నడవలేనివాళ్లు ఎందరో పేరుపేరునా జాబితా రాయాలి. ఆ జాబితాలు పట్టుకుని మండల కార్యాలయాలకు వెళ్దాం.